పేటల్లో పిల్లల్ని సాకుతున్న అక్కలకి, అమ్మమ్మలకి తోడుగా ఉండటం: తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్ళిళ్ళలో, కార్తీక వనభోజనాల్లో, ఒకసారి రేవులో పంటు మీద కూడా ఇవే సందేహాలు అడిగారు. చెప్పిందే చెప్పి నోరు నొప్పెట్టి, ఇలా ఒకచోట రాసి పెట్టాం. వశిష్ఠ గోదావరికి అటూ ఇటూ, నరసాపురం, సఖినేటిపల్లి, రాజోలు వైపు ఊళ్ళలో పిల్లల్ని చూసుకునే కొందరు ఆడవాళ్ళకి నెలనెలా ఎంతోకొంత అందిస్తున్న పదిమందిమి మేం. ఎక్కువమంది రిటైరైన టీచర్లమే. మాకు సంస్థ లేదు, బోర్డు లేదు. వరసగా చదవక్కర్లేదు, మీ సందేహం ఎక్కడుంటే అక్కడ చదువుకోండి.

## ఇంకా మొదలుపెట్టక ముందు

"పిల్లల్ని చూసుకునే ఆడవాళ్ళు" అంటే ఎవరండీ? అంగన్‌వాడీ టీచర్లా?

వాళ్ళలోనూ ఉన్నారు. కానీ మేం ముఖ్యంగా చెప్పేది, ఎవరూ అప్పజెప్పకుండానే ఆ పని నెత్తికెత్తుకున్నవాళ్ళ గురించి. కూతురు కువైట్ వెళ్ళిపోతే ముగ్గురు మనవల్ని సాకుతున్న అమ్మమ్మ. తెల్లారకుండానే రొయ్యల షెడ్డు వ్యాను ఎక్కే తల్లులు వదిలి వెళ్ళిన పిల్లలకి అరుగు మీద చోటిచ్చే పక్కింటి అక్క. ఒక చేత్తో లేసు అల్లుతూ సాయంత్రాలు పదిమంది చేత ఎక్కాలు చెప్పించే కోడలు. చెల్లెలు పోతే ఆ పిల్లల్ని తన పిల్లల్లో కలిపేసుకున్న పెద్దమ్మ. అంగన్‌వాడీ ఆరేళ్ళ లోపు పిల్లలకి, అదీ పగటిపూట కొన్ని గంటలే. ఆ గంటలకి ముందు, ఆ తర్వాత, ఆరేళ్ళు దాటాక పిల్లల్ని చూసేది వీళ్ళే. "మీరేం చేస్తారమ్మా?" అని అడిగితే "ఏం చేస్తానండి, ఇంట్లోనే ఉంటాను" అంటారు.

అనాథాశ్రమానికి ఇస్తే సరిపోదా? అక్కడైతే రసీదు కూడా ఇస్తారు కదా.

ఇస్తారు. ఇవ్వకూడదని మేం అనం. కానీ మా ఊళ్ళలో మేం చూసిన పిల్లల్లో నిజంగా ఎవరూ లేనివాళ్ళు బహు తక్కువ. తల్లో, తాతో, మేనత్తో ఎవరో ఒకరు ఉంటారు. వాళ్ళకి లేనిది డబ్బు, తీరిక. ఆ రెండూ లేక పిల్లని ఆశ్రమంలో వేస్తే, అన్నం దొరుకుతుంది గానీ అమ్మమ్మ పక్కన పడుకునే అదృష్టం పోతుంది. 2015 బాల న్యాయ చట్టం కూడా సంస్థలో ఉంచడం చివరి మార్గంగానే ఉండాలంటుంది. ఆశ్రమానికి ఇచ్చే మనసున్నవాళ్ళు, పిల్ల ఆశ్రమం దాకా వెళ్ళకుండా ఆపుతున్న ఆవిడకి ఎందుకివ్వరన్నదే మా గొడవ.

ఇదేం కొత్త సంగతీ కాదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) ఆకలన్నవాళ్ళకి అన్నం పెట్టింది తన ఇంట్లోనే. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడి మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టింది. ఈ రోజుల్లో ఆవిడ ఉండి ఉంటే మనవాళ్ళు ముందు "రిజిస్ట్రేషన్ ఉందా?" అని అడిగేవారేమో.

మా ఊళ్ళో అలాంటావిడ ఉన్నారో లేదో నాకెలా తెలుస్తుంది?

బడిలో వంట చేసే ఆవిడని అడగండి. ఏ పిల్ల రెండోసారి వడ్డించుకుంటుందో, ఏ పిల్లాడు గుడ్డు జేబులో పెట్టుకుని ఇంటికి పట్టుకెళ్తాడో, ఆ ఇంట్లో ఎవరున్నారో ఆవిడకి తెలుసు. తర్వాత ఆశా కార్యకర్త, ఆ తర్వాత పేటలో కిరాణా కొట్టు. సాయంత్రం 5 గంటలకి పేటలో ఒక గంట కూర్చుంటే ఏ అరుగు మీద పిల్లలు ఎక్కువున్నారో మీకే కనపడుతుంది. సర్పంచిగారిని అడగడం తప్పు కాదు గానీ, ఆయన్ని చివర్లో అడగండి. ముందే అడిగితే ఎవరి మనిషి పేరు వస్తుందో మీకు తెలుసు.

నెలకి ఐదొందలు మించి ఇవ్వలేను. పనికొస్తుందా?

ప్రతి నెలా ఇస్తే పనికొస్తుంది. ఒక్కసారి ఇచ్చిన పదివేల కంటే అదే నయం. ఫలానా తారీఖుకి పడుతుందని తెలిసిన ఐదొందలు చూసుకుని ఆవిడ కొట్లో పాలు ఖాతా పెట్టుకోగలదు.

## మొదటిసారి ఇంటికి వెళ్ళినప్పుడు

డబ్బు ఇస్తామంటే ఆవిడ చిన్నబుచ్చుకుంటారేమో?

మా మొదటి అనుభవం అదే. నలుగురం ఆటోలో దిగి "మీకు సాయం చేద్దామని వచ్చామమ్మా" అన్నాం. ఆవిడ లేసు పక్కన పెట్టి, "నేనేవన్నా అడిగానాండి మిమ్మల్ని?" అన్నారు. మంచినీళ్ళిచ్చి పంపించేశారు. ఆటో ఎక్కాక ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు.

రెండోసారి ఒక్కరే వెళ్ళారు. సాయం మాట ఎత్తకుండా, పిల్లల వల్ల లేసు పనికి రోజుకి ఎన్ని గంటలు పోతున్నాయని అడిగారు. ఆవిడ వేళ్ళు లెక్కపెట్టి చెప్పారు. నరసాపురం లేసుకి ఇప్పుడు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది గానీ, అల్లే చేతికొచ్చేది ఎప్పుడూ అంతంతమాత్రమే. ఆ కొంచెమూ పిల్లల కోసం వదులుకుంటున్నారు. "ఆ పోయిన గంటలకి మేం కట్టిస్తాం" అంటే ఆవిడ కాదనలేదు. అప్పటి నుంచీ ప్రతిచోటా మేం అడిగేది అదే. సాయం అంటే సిగ్గుపడే మనిషి, కూలి అంటే తలెత్తుకుని తీసుకుంటుంది.

మా పాప పుట్టినరోజుకి అక్కడ బిర్యానీ పెట్టిద్దామనుకుంటున్నాం. తప్పా?

తప్పేం లేదు. కాకపోతే తారీఖు ఆవిడని నిర్ణయించనివ్వండి. ఆదివారం దాతలందరూ వస్తారు, మంగళవారం ఎవరూ రారు. మీరు తెచ్చే కేకు కొయ్యడానికి పిల్లల్ని రెండు గంటలు వరసలో కూర్చోబెట్టొద్దు. మీ పాపని కూడా వాళ్ళ పక్కనే కూర్చోబెట్టి తినిపించండి, వడ్డించే పని మీరు చూసుకోండి.

పాత బట్టలు పంపొచ్చా?

మీ అక్క పిల్లలకి ఇవ్వగలిగేవైతే పంపండి. మిగతావి వద్దు. ఆడపిల్లల లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు మాత్రం కొత్తవే కొనివ్వండి. ఇవి కావాలని ఎవరూ నోరు తెరిచి అడగరు.

## డబ్బు, లెక్కలు

డబ్బు ఎవరి ఖాతాలో వెయ్యాలి?

ఆవిడ సొంత ఖాతాలో. భర్త ఖాతాలోనో, కొడుకు ఫోన్‌పేలోనో వద్దు. వేసే ముందు ఒక్క మాట అడగండి: ఆ ఖాతా నుంచి ఏదైనా అప్పు కిస్తీ కట్ అవుతోందా? ఒకావిడకి మేం పొద్దున్న వేస్తే సాయంత్రానికి డ్వాక్రా అప్పు బకాయి కింద పోయింది. బ్యాంకుకి వెళ్ళి అడిగితే వాళ్ళ పద్ధతి వాళ్ళు చెప్పారు, డబ్బు వెనక్కి రాలేదు. ఆ తర్వాత పోస్టాఫీసులో వేరే ఖాతా తెరిపించాం.

ఆవిడ ఆ డబ్బు సొంతింటికి వాడుకుంటే?

వాడుకుంటారు. వాడుకోవాలి కూడా. పిల్లలు ఉండేది ఆ ఇంట్లోనే, తడిసేది ఆ కప్పు కిందే. గ్యాస్ బండకి వాడితే పిల్లలకి వాడినట్టా, ఇంటికి వాడినట్టా? మేం మొదట్లో బిల్లులు అడిగాం. రెండు నెలలకి ఆవిడ బిల్లుల కోసం ఊళ్ళో కొట్టు మానేసి, ఆటో ఛార్జీ పెట్టుకుని పట్నంలో కొనడం మొదలెట్టారు. అప్పటికి బుద్ధొచ్చింది. ఇప్పుడు మేం చూసేది పిల్లల్నే: బడికి వెళుతున్నారా, సాయంత్రం ఆ అరుగు మీద ఉన్నారా, ఆవిడతో చనువుగా ఉన్నారా. చెప్పకుండా వెళ్తే అనుమానపడ్డట్టుంటుంది, అందుకని చెప్పే వెళ్తాం.

ఏ నెలల్లో ఎక్కువ అవసరం?

అందరూ డిసెంబరు, జనవరి అనుకుంటారు, క్రిస్మస్ బట్టలు, సంక్రాంతి అనీ. అసలు కష్టం ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ దాకా. వేసవి సెలవులకి బడి మూస్తారు, మధ్యాహ్నం భోజనం ఆగిపోతుంది. సరిగ్గా అప్పుడే సముద్రంలో వేట నిషేధం, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. అంతర్వేది, ఓడలరేవు వైపు మత్స్యకారుల ఇళ్ళలో మగవాళ్ళు ఒడ్డునే ఉంటారు. నిషేధానికి ప్రభుత్వం ఇచ్చే భృతి వస్తుంది గానీ, అది ముందే పాత అప్పులకి రాసిపెట్టి ఉంటుంది. ఒకే పొయ్యి మీద మధ్యాహ్నం తినే నోళ్ళు పెరుగుతాయి. ఆ రెండు నెలలూ మేం రెట్టింపు ఇస్తాం. దానికోసం సంక్రాంతికి ఇచ్చేది తగ్గించాం, దాని మీద మాలో మాకే కొంత అలక నడిచింది.

తర్వాతది వరదల కాలం, జులై నుంచి సెప్టెంబరు. గోదావరి మధ్య లంకల్లో కూలి పని ఉండదు.

మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. నేరుగా పంపొచ్చా?

అబ్బాయి ఇంకా భారతీయ పౌరుడేనా, అక్కడి పౌరసత్వం తీసుకున్నాడా అన్నది ముఖ్యం. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందకి రాదు. అక్కడి పౌరుడైపోతే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్ళకి ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. అలాంటి డబ్బుతో ఇలాంటి పని నడపాలంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి కావాలి. చిన్న బృందాలు ఆ జోలికి పోకపోవడం మేలు.

## చట్టం, కాగితాలు

ఆవిడ పిల్లల్ని రాత్రిళ్ళు కూడా ఇంట్లో ఉంచుకుంటున్నారు. ఏమైనా ఇబ్బందా?

మనవలు, అక్కచెల్లెళ్ళ పిల్లలు అయితే ఇబ్బంది లేదు, అది కుటుంబం. తల్లి షెడ్డులో నైట్ డ్యూటీ చేసి వచ్చేదాకా పక్కింటి పిల్ల పడుకుంటే అదీ ఇరుగుపొరుగు మంచితనమే. కానీ బయటి పిల్లల్ని తెచ్చి, ఉంచి, సాకడం మొదలైతే అది పిల్లల సంరక్షణ గృహం అవుతుంది. దాన్ని బాల న్యాయ చట్టం కింద నమోదు చెయ్యాలి. చెయ్యకపోతే ఏడాది వరకు జైలు గానీ, లక్షకి తగ్గని జరిమానా గానీ, రెండూ గానీ. దాతలే ఉత్సాహపడి "ఇంకో పదిమందిని పెట్టుకో, మేం చూసుకుంటాం" అని ఆవిడని ఇందులోకి తోస్తుంటారు. కేసయితే స్టేషన్‌కి వెళ్ళేది ఆవిడ, దాత కాదు.

ఎవరో పసిబిడ్డని పెంచుకోమని ఆవిడ చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. ఏం చెయ్యాలి?

పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి. 24 గంటల్లోగా (ప్రయాణ సమయం కాకుండా) బిడ్డని జిల్లా బాలల సంక్షేమ సమితి ముందుకి తీసుకెళ్ళాలి. పోలీస్ స్టేషన్‌కైనా, జిల్లా బాలల పరిరక్షణ విభాగానికైనా తెలియజేస్తే వాళ్ళు తీసుకెళ్తారు. తెలిసీ చెప్పకపోవడం కూడా నేరమే. "పాపం, పిల్లల్లేనివాళ్ళకి ఇప్పించేద్దాం" అని ఊళ్ళో పెద్దలు మధ్యలో దిగుతారు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకుంటే అది దత్తత అయిపోదు. డబ్బు చేతులు మారితే అది బిడ్డని అమ్మడం, ఐదేళ్ళ వరకు కఠిన శిక్ష ఉంది. తల్లే పెంచలేనంటే, సమితి ముందు అప్పగించే దారి ఉంది. ఆ తర్వాత కూడా మనసు మార్చుకోడానికి ఆమెకి రెండు నెలల గడువిస్తారు.

అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లకి ప్రభుత్వం నెలనెలా డబ్బు ఇస్తుందంట, నిజమేనా?

నిజమే. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద స్పాన్సర్‌షిప్ అని నెలకి రూ. 4,000. తల్లిదండ్రులు పోయి బంధువుల దగ్గర ఉంటున్న పిల్లలు, తల్లి వితంతువో భర్త వదిలేసినదో అయిన పిల్లలు, తల్లిదండ్రులకి ప్రాణాంతక జబ్బు ఉన్న పిల్లలు దీనికి అర్హులు. కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెల్లో రూ. 72,000, పట్నాల్లో రూ. 96,000 దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఇవ్వాలి.

చెప్పడానికి తేలిక, కాగితాలు పోగెయ్యడమే కష్టం. పిల్ల జనన ధ్రువపత్రం, ఆధార్, బడి సర్టిఫికెట్, తల్లిదండ్రుల మరణ ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా. మరణ ధ్రువపత్రంలో ఒక ఇంటిపేరు, ఆధార్‌లో ఇంకో ఇంటిపేరు ఉంటుంది, పని అక్కడ ఆగిపోతుంది. మీరు రూపాయి ఇవ్వలేకపోయినా, సెలవు రోజుల్లో ఆ అమ్మమ్మతో సచివాలయానికి, మీసేవకి తిరిగితే చాలు. మా లెక్కలో ఇంతకంటే గొప్ప విరాళం లేదు. మావాళ్ళలో ఒకాయన ఇప్పటిదాకా పైసా ఇవ్వలేదు, తిరగడం మాత్రం ఆయనే తిరుగుతారు. ఆయన్నే మేం అందరికంటే ఎక్కువ గౌరవిస్తాం.

తల్లి గల్ఫ్‌లో ఉంది. ఆ పిల్లలకి కూడా మనమెందుకు? డబ్బు పంపిస్తుంది కదా.

పంపిస్తుంది, మొదట ఏజెంటుకి చేసిన అప్పు తీరాక. అప్పటిదాకా అమ్మమ్మే ఈదాలి. డబ్బొచ్చినా పిల్ల జ్వరానికి రాత్రి మేలుకునేది అమ్మమ్మే. ఇక్కడ డబ్బు కంటే ముందు కావాల్సింది, తల్లి విమానం ఎక్కకముందే కొన్ని పనులు చేయించడం. పిల్లల బాధ్యత అమ్మమ్మకి అప్పగిస్తున్నట్టు నోటరీ కాగితం. పాస్‌పోర్టు, వీసా జిరాక్సులు, అక్కడి ఇంటి చిరునామా, ఫోన్ నంబరు. పిల్లల ఆధార్ కార్డుల అసలు కాపీలు బీరువాలో, తాళం అమ్మమ్మ దగ్గర.

ఇంకోటి, వినడానికి చిన్నదిగా ఉంటుంది. తల్లి ఖాతాకి, పథకాలకి కలిపిన ఫోన్ నంబరు. బడికెళ్ళే పిల్లల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు రూ. 13,000 పడేది తల్లి ఖాతాలోనే. ఓటీపీ వచ్చే సిమ్ రీచార్జ్ లేక పోతే, ఇక్కడ అమ్మమ్మ పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకు చుట్టూ తిరగడమే. వెళ్ళేముందే ఆ సిమ్ ఇక్కడ ఎవరి ఫోన్లో ఉంటుందో తేల్చుకోమనండి.

జనన ధ్రువపత్రం లేదని బడిలో చేర్చుకోనంటున్నారు.

విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లని వయసు రుజువు లేదని బడి తిప్పి పంపకూడదు. టీసీ ఆలస్యమైందని కూడా ఆపకూడదు. హెడ్‌మాస్టారితో నెమ్మదిగా చెప్పండి, వినకపోతే మండల విద్యాధికారి (ఎంఈఓ) గారికి రాసివ్వండి. ముందు పిల్ల తరగతిలో కూర్చుంటే, ధ్రువపత్రం సంగతి తర్వాత తాపీగా చూసుకోవచ్చు.

## రోజువారీ నడకలో

చిన్నపిల్లలకి అక్కడ అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఏది?

నీళ్ళు. మనది డెల్టా, ఏ గుమ్మం ముందు చూసినా కాలవో, బోదెయో, రొయ్యల చెరువో ఉంటుంది. రెండు మూడేళ్ళ పిల్ల మునగడానికి కాలవ నిండుగా ఉండక్కర్లేదు, కేక కూడా వినపడదు. తల్లి పనికి వెళ్ళి, పెద్దవాళ్ళు వంటలో ఉన్న వేళే జరుగుతుంది. బడిలో వెయ్యని పిల్లల్ని నీటికి దూరంగా, ఒక పెద్ద మనిషి కళ్ళెదుట ఉంచే చోటు ఏర్పాటు చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేస్తోంది. మన అక్క అరుగు సరిగ్గా అదే. కాబట్టి మీరిచ్చే మొదటి వస్తువు బొమ్మలు కాదు, అరుగుకి తడిక, దానికి బయట గడియ. ఒకచోట వెయ్యి రూపాయల్లోపే అయింది. ఇంటి ముందు తొట్టికి మూత, వాడని గోతులకి మట్టి.

పిల్ల బక్కగా ఉంది. జబ్బేమో, ఒళ్ళే అంతేమో?

అంగన్‌వాడీలో చేతి జబ్బ (భుజానికీ మోచేతికీ మధ్య) కొలిచే రంగుల టేపు ఉంటుంది. 6 నెలల నుంచి 5 ఏళ్ళ లోపు పిల్లకి జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే అది తీవ్రమైన లోపం, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. 11.5, 12.5 మధ్య ఉంటే కనిపెట్టుకుని ఉండాలి. రెండు పాదాలూ ఉబ్బి ఉంటే కొలతతో పనిలేదు, బయల్దేరండి. ఆటో డబ్బులతో పాటు, ఆ రోజు మిగతా పిల్లల్ని చూసే మనిషిని కూడా మీరే ఏర్పాటు చెయ్యండి. ఆవిడ వెళ్ళలేకపోయేది ఎక్కువగా అందుకే.

వరదొస్తే?

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 1986 వరద చూసిన పెద్దవాళ్ళు అంకె వినగానే లేస్తారు, కుర్రాళ్ళు నీళ్ళు గుమ్మంలోకి వచ్చేదాకా చూద్దామంటారు. పిల్లలున్న ఇల్లు మొదటి హెచ్చరికకే సర్దుకోవాలి. ప్లాస్టిక్ కవర్లో కాగితాలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, టార్చి, చిన్నపిల్లలకి అటుకులు, బెల్లం. ఏ పిల్ల ఎవరితో పడవ ఎక్కుతుందో ఆవిడ ముందే రాసిపెట్టుకోవాలి. శిబిరంలో "మా పిల్లే" అని వచ్చినవాళ్ళకి, ఆ చీటీలో పేరు లేకపోతే అప్పగించకూడదు.

ఒక పిల్ల విషయంలో ఎవరో చెడుగా ప్రవర్తించారని అనుమానం. ఊళ్ళో గొడవవుతుందేమో.

గొడవైనా చెప్పాల్సిందే. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012 ప్రకారం, తెలిసినా అనుమానం ఉన్నా పోలీసులకి తెలియజెయ్యాలి, దాచిపెడితే ఆరు నెలల వరకు శిక్ష. పెద్దల పంచాయితీలో రాజీ అన్న మాట ఈ విషయంలో కుదరదు. పిల్లని మీరు పదే పదే అడగొద్దు. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి, 1098కి గానీ అత్యవసర నంబరు 112కి గానీ చెయ్యండి. ఆవిడని ఒంటరిగా స్టేషన్‌కి పంపకండి, తోడు వెళ్ళండి. ఆ వీధిలో బతకాల్సింది ఆవిడే కాబట్టి, తర్వాత నెలల్లో కూడా మీ బండి ఆ ఇంటి ముందు ఆగుతూ ఉండాలి.

మా మగ సభ్యులకి కూడా ఒక నియమం ఉంది. పిల్లలతో ఒంటరిగా ఉండకూడదు, ఎంత పెద్దమనిషైనా సరే.

ఆ పిల్ల తల్లిదండ్రులకి హెచ్‌ఐవీ అట. మిగతా పిల్లలతో కలవనివ్వచ్చా?

కలవనివ్వాలి. కలిసి తింటే, ఆడుకుంటే, పక్కన పడుకుంటే అది అంటదు. అనుమతి లేకుండా ఆ సంగతి బయటపెట్టడం, బడిలో వేరు చెయ్యడం 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం నిషేధం. హెచ్‌ఐవీ మందులు ప్రభుత్వ ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) కేంద్రాల్లో ఉచితం. ఆ "అట"ని మీ దగ్గరే ఆపండి.

దాతలకి చూపించడానికి ఫొటోలు కావాలి కదా?

పిల్లల మొహాలు వద్దు. సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, బడి, ఫొటో, గుర్తు పట్టే వివరాలు ఏవీ ప్రచురించకూడదని చట్టం. ఆరు నెలల వరకు జైలు గానీ రెండు లక్షల వరకు జరిమానా గానీ ఉంది. అరుగు ఫొటో, పలకలు, చెప్పుల వరస పెట్టండి. మాకు ఇప్పటిదాకా ఎక్కువ మెప్పు తెచ్చిన ఫొటో చెప్పుల వరసదే.

ఆవిడకే ఒంట్లో బాగోకపోతే?

ఇది అడిగేవాళ్ళు తక్కువ, అందుకే మేమే చేర్చాం. బీపీ, షుగరు, మోకాళ్ళు. పిల్లల్ని ఎవరు చూస్తారని ఆస్పత్రికి వెళ్ళడం వాయిదా వేస్తూ ఉంటారు. నెలకి రెండు రోజులు డబ్బు తగ్గకుండా సెలవు ఇవ్వండి. ఆ రెండు రోజులూ అరుగు చూసే ఇంకో మనిషికి కూలి కట్టండి. ఒకావిడ మొదటి సెలవు రోజున ఏం చేశారని అడిగితే, "పడుకున్నానండి" అన్నారు.

## ఆపాల్సి వచ్చినప్పుడు

ఇక మా వల్ల కాదు. ఎలా చెప్పాలి?

మూడు నెలల ముందు, ఎదురుగా కూర్చుని చెప్పండి. ఫోన్ ఎత్తడం మానెయ్యొద్దు. బడి తెరిచే జూన్‌లో ఆపొద్దు, వరదల్లో ఆపొద్దు. వెళ్ళేముందు పిల్లల కాగితాల ఫైలు పూర్తయిందో లేదో చూడండి, స్పాన్సర్‌షిప్ దరఖాస్తు నడుస్తుంటే దాని నంబరు ఆవిడ పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాయించండి.

మేం సాయం చేసిన పిల్లాడు పెద్దవాడై, ఇప్పుడు దారిలో కనపడ్డా పలకరించడం లేదు.

ఆవిడని పలకరిస్తున్నాడా? అయితే సరే.